పిల్లలు కింద ఉండగా పైన స్లాబ్ వేయకండి

బడి నడుస్తున్న భవనం మీద కొత్త అంతస్తు లేపుతున్న ప్రతి ట్రస్టుకూ, మఠానికీ, చర్చికీ, మదరసా కమిటీకీ ఇది హెచ్చరిక. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మీ ప్రాంగణంలో అలాంటి పని సాగుతుంటే ఈరోజే ఆపండి. ఆ కప్పు కింద నుంచి పిల్లల్ని తప్పించండి. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి పునాది, పిల్లర్లు చూసి సంతకం పెట్టాకే మళ్లీ మొదలుపెట్టండి.

2025 సెప్టెంబరు 29న ఇండోనేసియాలోని తూర్పు జావాలో, సిదోఆర్జో దగ్గర, అల్ ఖోజినీ అనే ఇస్లామిక్ గురుకులం కూలిపోయింది. పైన కాంక్రీటు పోస్తున్నారు. కింది హాల్లో మగపిల్లలు అసర్ నమాజులో ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. పాత పునాది కొత్త అంతస్తుల బరువు మోయలేకపోయిందని అధికారులు చెప్పారు. 2008 నవంబరు 7న హైతీలోని పెషన్‌విల్‌లో క్రైస్తవ బోధకుడొకరు నడిపే బడి కూలింది. అక్కడా అంతస్తు మీద అంతస్తు వేస్తూ పోయారు. 90 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే.

మతం వేరు, దేశం వేరు. జరిగిన తప్పు మాత్రం ఒక్కటే. అదే తప్పు మన ఊళ్లోనూ జరగడానికి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి.

మన ప్రాంతంలో చదువు చాలావరకు గుడి, చర్చి నీడనే పెరిగింది. తిరుమల ధర్మగిరి వేదపాఠశాల 1884 నాటిది. తిరుపతిలో 1945లో టీటీడీ ఆర్ట్స్ కళాశాల తెరిచింది, 1954లో వచ్చిన విశ్వవిద్యాలయానికి స్థలమిచ్చింది. చిత్తూరులో అమెరికన్ ఆర్కాట్ మిషన్, మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం విద్యాసంస్థలు నడిపాయి. అవన్నీ ఒక్కరోజులో కట్టినవి కావు, తరాల తరబడి పెరిగినవే. అయితే వాటికి నేల ఉంది. పక్కకు పెరిగాయి. ఇవాళ అర ఎకరంలో రెండు గదులతో మొదలయ్యే చిన్న ట్రస్టుకు ఆ అదృష్టం లేదు. భూమి ధర చూశాక దానికి కనిపించే దారి పైకి పెరగడమే. ప్రమాదం అక్కడే మొదలవుతోంది.

లెక్క చూడండి. 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవున్న తరగతి గదికి 5 అంగుళాల స్లాబ్ వేస్తే కాంక్రీటు బరువే దాదాపు 15 టన్నులు. పచ్చి కాంక్రీటు తన బరువు తాను మోసుకోలేదు. అదంతా సెంట్రింగ్ గుంజల మీదుగా కింది స్లాబ్ మీదికి దిగుతుంది. కాంక్రీటుకు లెక్కగట్టిన బలం రావడానికి 28 రోజులు పడుతుంది. ఆలోగా కింద తరగతులు నడిపితే పిల్లల్ని ఆ బరువు కింద కూర్చోబెట్టినట్టే.

ఇక పై అంతస్తు కోసమని పిల్లర్ల తలల మీద వదిలేసే ఇనుప కడ్డీలు. నిధులు అందే లోపు ఏళ్లు గడుస్తాయి. కడ్డీలు వానకు తడిసి తుప్పు పడతాయి. మేస్త్రీ పై తుప్పు గీకి కొత్త కడ్డీ కట్టేస్తాడు. తర్వాత ఎన్ని అంతస్తులు వస్తాయో మొదటి రోజే తేల్చుకుని, వాటన్నిటికీ సరిపడా పునాది వేసి ఉంటేనే ఆ కడ్డీలకు అర్థం ఉంటుంది. ఒక అంతస్తు పునాది మీద మూడు అంతస్తులు ఎక్కించడానికి ఏ మొక్కూ అండ కాదు.

దాతలకూ ఒక మాట. తరగతి గది మీద పేరు చెక్కిస్తామంటే డబ్బు వస్తుంది. మట్టి పరీక్షకు, పునాదికి, రెండో మెట్ల దారికి, వాన కాలువకు ఎవరూ ఇవ్వరు. మీరు ఆ కనిపించని వాటికి ఇవ్వండి. అంతకంటే పెద్ద పుణ్యం ఈ పనిలో లేదు.

నీటి సంగతి మరీ ముఖ్యం. చిత్తూరు జిల్లా గొలుసు చెరువుల నేల. ఒక చెరువు మొరవ పోతే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. ఆ దారిలో మట్టి తోలి ఆటస్థలం చేస్తే, నీరు తన దారి మరచిపోదు. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులయ్యాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. స్థలం కొనే ముందు ఎఫ్‌ఎంబీ పటంలో వాగు, కాలువ పోరంబోకులు వెతకండి. పూడ్చిన నేల మీద కట్టే కొత్త బ్లాకును పాత గోడకు అంటించవద్దు. రెండూ వేర్వేరుగా కుంగుతాయి, మధ్య సందు వదలాలి.

ప్రార్థన హాలు కింది అంతస్తులోనే ఉండాలి. బడిలో పిల్లలంతా ఒకేసారి చేరే చోటు అదే. రెండు వైపులా బయటికి తెరుచుకునే తలుపులు పెట్టండి. వాస్తు ప్రకారం ఏ దిక్కున పెట్టుకున్నా మీ ఇష్టం, ఒకదాన్ని మాత్రం శాశ్వతంగా మూసేయవద్దు. పండుగకు బయటి జనం వస్తారనుకుంటే వాళ్లకు వేరే గేటు కావాలి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. అదే ఏడాది నవంబరు 1న కాశీబుగ్గలో ఒక ప్రైవేటు ఆలయంలో తొమ్మిది మంది పోయారు. ఇరుకు దారిలో గుమిగూడిన జనం ఎంత త్వరగా ప్రాణాల మీదికి తెస్తారో మనకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

నిప్పు సంగతీ చూడండి. కుంభకోణంలో 2004 జులై 16న బడి వంటశాల నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఒకే భవనంలో ఒకటికి మించి బడులు ఇరికించి నడిపిన చోటది. ఆ తర్వాతే, 2009 ఏప్రిల్ 13న, భద్రమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి భవన భద్రత ట్రస్టు దయ కాదు, పిల్లల హక్కు.

పట్టణాభివృద్ధి సంస్థలైన తుడా, చుడా అధికారులు, పంచాయతీ అధికారులు ఒక్క పని చేయాలి. మొదటి దశకు అనుమతి ఇచ్చేటప్పుడే చివరి దశ దాకా పూర్తి ప్లాను అడగాలి. ధార్మిక సంస్థ కదా అని చూసీ చూడనట్టు వదిలేయడం పిల్లల పట్ల ద్రోహం.

తల్లిదండ్రులారా, రేపు బడికి వెళ్లినప్పుడు పైకి చూడండి. స్లాబ్ పని కనిపిస్తే మూడు కాగితాలు అడగండి: మంజూరైన ప్లాను, నిర్మాణ పటిష్ఠత ధ్రువపత్రం, అగ్నిమాపక శాఖ అనుమతి. అవి చూపించేదాకా మీ బిడ్డను ఆ కప్పు కిందికి పంపకండి.