అంకె మారితే మందు మారాలా?

రక్తపు పోటు ఉన్నవారిలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటి రకం వారు ఏడాదికి ఒకసారైనా పోటు చూపించుకోరు. రెండో రకం వారు రోజుకు ఆరు సార్లు చూసుకుంటారు. ఈ వారం ఈ రెండో రకం వారి గురించి చెప్పుకుందాం. ఇళ్ళలోకి డిజిటల్ బి.పి. మెషిన్లు, గ్లూకోమీటర్లు వచ్చాక వీరి సంఖ్య పెరిగింది. మెషిన్ కొనుక్కోవడం మంచి పనే. కాని అది చూపే అంకెను ఎలా చదవాలో తెలియకపోతే మేలు కన్నా ఆందోళనే ఎక్కువవుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రమాదం కూడా జరుగుతుంది.

మూడు ఊళ్ళు, మూడు అంకెలు

కుప్పంలో ఉండే ఒక పెద్దాయనను ఊహించుకోండి. వయసు అరవై. పోటుకు డాక్టరు చెప్పిన బిళ్ళ రోజూ వేసుకుంటాడు. సోమవారం ఇంట్లో చూసుకుంటే పై అంకె 138. మంగళవారం ఏదో పనిమీద పుంగనూరు వెళ్ళాడు. బస్సు దిగి, ఎండలో నడిచి, దారిలో కాఫీ తాగి, క్లినిక్కులో చూపించుకుంటే 156. బుధవారం మదనపల్లెలో కూతురింటికి చేరాడు. వియ్యపురాలు కాచి ఇచ్చిన కషాయం తాగి, కంటినిండా నిద్రపోయాడు. గురువారం ఉదయం చూసుకుంటే 130.

ఇక ఇంట్లో తలా ఒక మాట. పుంగనూరు మెషిన్ చెడిపోయిందని అల్లుడు అంటాడు. మదనపల్లె చల్లగాలి ఒంటికి పడిందని కూతురు అంటుంది. అంతా కషాయం మహిమేనని వియ్యపురాలి నమ్మకం. నిజానికి ఈ నాలుగు రోజుల్లో ఆయన జబ్బు ఎక్కడున్నది అక్కడే ఉంది. పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

ఇలాంటి పరిస్థితిలో కొందరు 156 చూసిన రాత్రే ఒక బిళ్ళకు రెండు వేసుకుంటారు. వయసు మళ్ళినవారు అలా చేస్తే తెల్లవారుజామున మూత్రానికి లేచినప్పుడు కళ్ళు తిరిగి పడిపోవచ్చు, తుంటి ఎముక విరగవచ్చు. మరికొందరు 130 చూసి “ఇక నయమైపోయింది” అని బిళ్ళ మానేస్తారు. ఆ 130 బిళ్ళ వల్ల వచ్చిందేనని వారికి తట్టదు. మానేసిన తరువాత పోటు చప్పుడు చేయకుండా పెరిగి, ఏనాడో పక్షవాతం రూపంలో బయటపడుతుంది. ఇద్దరూ చేసింది ఒకే పొరపాటు. ఒక్క అంకెను చూసి నిర్ణయం తీసుకున్నారు.

హెచ్చుతగ్గులు రెండు రకాలు

పాడి ఉన్న ఇంట్లో ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పేరుగాంచిన పుంగనూరు ఆవే అయినా రోజూ కొలిచినట్టు ఒకే పాలు ఇవ్వదు. ఒక పూట ఒక గ్లాసు తక్కువైతే ఎవరూ పశువుల డాక్టరు కోసం పరుగెత్తరు. కాని వరుసగా నాలుగైదు రోజులు తగ్గుతూ వచ్చినా, ఉన్నట్టుండి సగానికి పడిపోయినా మేత చూస్తారు, పొదుగు చూస్తారు, డాక్టరును పిలుస్తారు.

ఈ ఇంగితాన్నే శాస్త్రంగా రాసినవాడు అమెరికాలోని వాల్టర్ షూహార్ట్. టెలిఫోను పరికరాల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యతను గమనిస్తూ 1924లో ఆయన ఒక చార్టు తయారుచేశాడు. ఏ పనిలోనైనా కొంత హెచ్చుతగ్గు దానంతట అదే ఉంటుంది. దానికి ఒకే కారణమంటూ చూపలేం, ఎన్నో చిన్నచిన్న కారణాలు కలిసి చేసేది అది. ఆ హద్దు దాటి మారినప్పుడు మాత్రం వెతికితే దొరికే ప్రత్యేక కారణం ఒకటి ఉంటుంది. మొదటి రకాన్ని రెండో రకమనుకుని మాటిమాటికీ మార్పులు చేస్తే హెచ్చుతగ్గులు తగ్గకపోగా పెరుగుతాయి. పప్పులో ఇవాళ ఉప్పు ఒక పిసరు ఎక్కువైందని రేపు సగమే వేస్తే చప్పగా ఉంటుంది. చప్పగా ఉందని ఎల్లుండి రెట్టింపు వేస్తే నోట పెట్టలేం. మందుల మోతాదును రోజూ అటూ ఇటూ మార్చేవారు చేసేది ఇదే. 1947-48లో షూహార్ట్ మన దేశానికి వచ్చి ఈ పద్ధతిని ఇక్కడివారికీ పరిచయం చేశాడు.

మన శరీరం ఫ్యాక్టరీ కన్నా చంచలమైనది. మూత్రం ఆపుకుని కూర్చున్నా, మాట్లాడుతూ చూపించుకున్నా, చెయ్యి కిందికి వేలాడేసినా పోటు పెరుగుతుంది. కాఫీ, బీడీ, కోపం, నిద్రలేమి పెంచుతాయి. చలి కూడా పెంచుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఎత్తైన నేలమీద ఉన్న ఊళ్ళు. ఇక్కడి మార్గశిర, పుష్య మాసాల ఉదయాలలో అంకె కాస్త పైన ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. డాక్టరును చూడగానే పోటు పెరిగేవారు కూడా చాలామంది ఉన్నారు.

మదనపల్లె నేర్పిన పాఠం

మరి కషాయం సంగతి? మనం మందు మార్చేదీ, కొత్త చిట్కా మొదలుపెట్టేదీ అంకె బాగా ఎక్కువ వచ్చిన రోజునే. బాగా ఎక్కువ వచ్చిన అంకె తరువాత మామూలు అంకె రావడం సహజం. ఆ తగ్గుదల కషాయం ఖాతాలో పడుతుంది. కషాయం తాగకపోయినా తగ్గేదా అన్నది తెలియాలంటే, తాగనివారిని కూడా పక్కన పెట్టి చూడాలి.

అలా పక్కన పెట్టి చూసిన గొప్ప ప్రయత్నం ఒకటి మన మదనపల్లె చుట్టుపక్కల పల్లెలలోనే జరిగింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు క్షయ రోగులున్న ప్రతి ఇంటికీ ఒకప్పుడు తెలుసు. క్షయ రాకుండా వేసే బి.సి.జి. టీకా ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి అక్కడి డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరులు 1950లో పరిశీలన మొదలుపెట్టారు. అప్పటికి క్షయక్రిమి సోకనివారిని ఎంచి, ఒకరికి వేసి ఒకరికి వేయకుండా విడిచి, ఇద్దరినీ ఏళ్ళ తరబడి గమనించారు.

1973లో ప్రచురించిన లెక్కల ప్రకారం టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది. వేసుకోని 5,808 మందిలో 47 మందికి వచ్చింది. 33 ఎక్కడ, 47 ఎక్కడ అనిపిస్తుంది. కాని కాస్త లెక్క వేయండి. టీకా ఏమీ పనిచేయదనుకున్నా, వేసుకున్నవారిలో సుమారు 37 మందికి జబ్బు వస్తుందని ఆశించాలి. వచ్చింది 33 మందికి. అంటే తేడా నలుగురు. అంత తేడా టీకా బలం వల్లా రావచ్చు, కేవలం కాకతాళీయంగానూ రావచ్చు. ఈ ఒక్క లెక్కతో తేల్చి చెప్పలేం.

అందుకే ఇంకా పెద్ద లెక్క కావలసివచ్చింది. తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో మరో పరిశీలన మొదలైంది. 1980లో వెలువడిన లెక్కలలో రెండు వైపులా 88 వేల మందికి పైగా ఉన్నారు. టీకా వేసుకున్నవారిలో 505 మందికి, వేసుకోనివారిలో 499 మందికి క్షయ వచ్చింది. అక్కడ టీకా పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేలింది. బ్రిటన్‌లో బడి పిల్లలపై జరిగిన పరిశీలనలో మాత్రం టీకా వేసుకున్న సుమారు 13,600 మందిలో 62 మందికి, వేసుకోని సుమారు 12,900 మందిలో 248 మందికి జబ్బు వచ్చింది. ఇంత తేడా కాకతాళీయం కాదు, దానికి వెతకదగ్గ కారణం ఉంటుంది.

ఇది చదివి పసిపిల్లలకు బి.సి.జి. మానకండి. చంటిబిడ్డలకు ప్రాణాంతకమైన మెదడుపొర క్షయ, ఒళ్ళంతా పాకే క్షయ రాకుండా అది కాపాడుతుంది. పుట్టగానే వేయించవలసిందే.

పదివేల మందిని ఏళ్ళ తరబడి చూసి కూడా వైద్యులు తొందరపడి తీర్పు చెప్పలేకపోయారు. అలాంటప్పుడు రెండు రోజుల అంకెలు చూసి మనం తీర్పు చెప్పడం ఎంతవరకు సబబు?

ఏం చేయాలి?

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. డాక్టరుగారి దగ్గరకు వెళ్ళే ముందు ఏడు రోజులు, ఉదయం బిళ్ళ వేసుకోక ముందు, సాయంత్రం భోజనానికి ముందు పోటు చూసుకోండి. అంతకు అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగాకు వద్దు. మూత్రానికి వెళ్ళి వచ్చి, కుర్చీలో వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆన్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. పట్టీ చేతికి సరిపడే కొలతది కావాలి. ఒక నిమిషం వ్యవధిలో రెండుసార్లు చూసి రెండూ రాయండి. నచ్చని అంకెను కొట్టేయకండి.

మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. ఇంట్లో తీసిన సగటు 135/85 లేదా అంతకు మించితే డాక్టరుకు చూపించండి. కొందరికి ఇంకా తక్కువ ఉండాలని డాక్టరే నిర్ణయిస్తారు. మోతాదు పెంచడమైనా తగ్గించడమైనా ఆ పుస్తకం చూసి ఆయనే చేయాలి.

వారమంతా అంకెలు పాత సగటుకు పైనే ఉంటే ప్రత్యేక కారణం వెతకండి. బిళ్ళలు మరిచారా? కీళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మొదలుపెట్టారా? కొత్త ఆవకాయ జాడీ తెరిచారా? నిద్ర చెడిందా? ఇవి కూడా పుస్తకంలో రాసి చూపించండి.

చక్కెర వ్యాధి ఉన్నవారికీ ఇదే మాట. ఇంట్లో వాడే గ్లూకోమీటరుకు అంతర్జాతీయ ప్రమాణమే 15 శాతం వరకు తేడాను ఒప్పుకుంటుంది. అసలు చక్కెర 200 ఉన్నప్పుడు మీటరు 170 చూపినా 230 చూపినా చెడిపోయినట్టు కాదు. నిన్న 180, నేడు 195 అయితే నిన్న తిన్న లడ్డూను తిట్టుకోనక్కరలేదు. మూడు నెలల పోకడ తెలియడానికి హెచ్‌బిఎ1సి అనే రక్తపరీక్ష ఉంది. ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరు నేర్పిన లెక్క ప్రకారమే మార్చుకోవాలి కాని సొంత లెక్కలు పనికిరావు. రాత్రిపూట చక్కెర పడిపోతే ప్రాణానికే ముప్పు.

ఒక్క అంకే చాలినప్పుడు

కొన్ని సందర్భాలలో సగటు కోసం ఆగకూడదు. పోటు 180/120 దాటి, దానితో గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం, చూపు మందగించడం వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఈ లక్షణాలు ఉంటే అంకె మామూలుగా ఉన్నా ఆగకండి. లక్షణాలేమీ లేకుండా అంకె మాత్రమే అంత ఎక్కువగా ఉంటే ఐదు నిమిషాలు కూర్చుని మళ్ళీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆనాడే డాక్టరును కలవండి. చక్కెర 70 కన్నా తక్కువైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆస్పత్రికి చేర్చండి.

మిగిలిన రోజుల్లో అంకె కాస్త పెరిగితే బెంగ వద్దు, కాస్త తగ్గితే పండగా వద్దు. పుస్తకంలో రాసుకుని, రోజూ వేసుకునే బిళ్ళ వేళకు వేసుకుని మీ పని మీరు చూసుకోండి.