ఉదజని: ఆశ ఎంత, ఆచరణ ఎంత?

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరాన ఉన్న అమ్రోలిలో మరమగ్గాల చప్పుడు రాత్రివేళ కూడా ఆగదు. ఒడిశా నుంచి వచ్చిన వేలాది వలస కార్మికులకు అక్కడి మగ్గాలే జీవనాధారం. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లి సూరత్‌లోని ఇతర పేటల్లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల పరిస్థితీ ఇదే. పగటి షిఫ్టు ముగిసిన చోట రాత్రి షిఫ్టు మొదలవుతుంది. సౌరఫలకాలు మాత్రం సూర్యుడితోపాటే విశ్రమిస్తాయి. పునరుత్పాదక విద్యుత్తుకు సంబంధించిన అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ చిక్కుకు ఉదజని, అంటే హైడ్రోజన్, విరుగుడు కాగలదని కేంద్ర ప్రభుత్వం గట్టిగా విశ్వసిస్తున్నది. ఆ విశ్వాసాన్ని అంకెలతో సరిచూసుకోవలసిన సమయం ఆసన్నమైంది.

ఈ ప్రయోగానికి సూరత్ శివార్లలోని కవాస్ తొలి వేదిక కావడం గమనార్హం. అక్కడి ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రంలో సౌరవిద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని తయారుచేస్తున్నారు. గుజరాత్ గ్యాస్ సంస్థ సహకారంతో దానిని సహజవాయువులో కలిపి, ఉద్యోగుల నివాస సముదాయమైన ఆదిత్యనగర్ వంటిళ్లకు 2023 జనవరి నుంచి గొట్టాల ద్వారా సరఫరా చేయడం ప్రారంభించారు. మొదట అనుమతించిన మిశ్రమం పరిమాణంలో 5 శాతం. దేశంలో ఇదే మొదటి ప్రయత్నం కాబట్టి అభినందనీయమే. అయితే పరిమాణం వేరు, శక్తి వేరు. సమాన పరిమాణంలో ఉదజని ఇచ్చే వేడి సహజవాయువు ఇచ్చే దానిలో మూడో వంతుకు మించదు. అంటే 5 శాతం కలిపితే తగ్గే సహజవాయువు రెండు శాతం లోపే. 20 శాతం కలిపినా ఆదా ఏడు శాతం దగ్గరే ఆగిపోతుంది.

విద్యుత్తు నిల్వ విషయంలో లెక్క మరింత కఠినం. ఒక కిలో ఉదజని తయారీకి 50 నుంచి 55 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఆ కిలోలో ఉండే శక్తి 33 యూనిట్లు మాత్రమే. దానిని ఇంధన ఘటంలోనో, టర్బైనులోనో తిరిగి విద్యుత్తుగా మార్చేసరికి పెట్టిన నూరు యూనిట్లలో చేతికి దక్కేది 30 నుంచి 40. ఎగువ జలాశయంలోకి నీటిని ఎత్తిపోసి, అవసరమైనప్పుడు కిందికి వదిలే పంప్డ్ స్టోరేజి పద్ధతిలో 75 నుంచి 80 యూనిట్లు తిరిగి వస్తాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టిన పథకం ఈ కోవలోనిదే. బ్యాటరీలు ఇంకా ఎక్కువే తిరిగి ఇస్తాయి. మధ్యాహ్నపు ఎండను ఆ రాత్రికే మగ్గానికి అందించాలంటే దగ్గరి దారి ఉండగా చుట్టుదారి ఎందుకు? ఆ చుట్టుదారి ఖర్చు చివరికి నేతకారుని కరెంటు బిల్లుపైనే పడుతుంది.

అంతమాత్రాన ఉదజనిని తోసిపుచ్చవలసిన పనిలేదు. రోజుల తరబడి గాలి స్తంభించి, మబ్బులు కమ్మిన కాలానికి బ్యాటరీలు చాలవు. అటువంటి దీర్ఘకాలపు నిల్వకు ఉదజని అక్కరకు రాగలదు. అంతకన్నా ముఖ్యం, ఉదజనినే ముడిసరుకుగా వాడే పరిశ్రమలున్నాయి. సూరత్ పక్కనే ఉన్న హజీరాలో క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం, భారీ ఉక్కు కర్మాగారం ఉన్నాయి. మన కాకినాడలోనూ హరిత అమ్మోనియా కర్మాగారం తలపెట్టారు. ఉదజని మొదట చేరవలసింది ఇటువంటి చోట్లకే. మధ్యాహ్నం గ్రిడ్‌లో సౌరవిద్యుత్తు మిగిలినప్పుడు విద్యుద్విశ్లేషణ యంత్రాలను నడిపి, సాయంత్రం గిరాకీ పెరగగానే నిలిపివేస్తే గ్రిడ్‌కూ మేలే. ఖరీదైన యంత్రాలను రోజుకు కొద్ది గంటలే నడిపితే కిలో ధర పెరుగుతుందన్నది ఉత్పత్తిదారుల వాదన. అది నిజమే. కాని వాటిని రాత్రింబవళ్లు నడిపించే విద్యుత్తు ఎక్కడిది?

బొగ్గు విద్యుత్తుతో నడిపిస్తే ఒక కిలో ఉదజనికి దాదాపు 50 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. సహజవాయువు నుంచి నేరుగా తయారుచేసినా అది పది కిలోలకు అటూ ఇటూగానే ఉంటుంది. హరిత ఉదజని అనిపించుకోవాలంటే కిలోకు 2 కిలోలు మించరాదని కేంద్రం 2023 ఆగస్టులో ప్రమాణం ప్రకటించింది. అయితే పగలు గ్రిడ్‌కు ఇచ్చిన విద్యుత్తును తరువాత తిరిగి తీసుకునే వెసులుబాటును ప్రభుత్వ విధానం కల్పిస్తున్నది. కాగితం మీద అది సౌరవిద్యుత్తు. రాత్రి తీగల్లో ప్రవహించేది మాత్రం అధికభాగం బొగ్గు విద్యుత్తే. ఏ గంటలో వాడిన విద్యుత్తుకు ఆ గంటలోనే పునరుత్పాదక ఉత్పత్తి చూపాలన్న నిబంధన లేనిదే ప్రమాణానికి అర్థం ఉండదు.

ఈ చర్చ తెలుగువారికి దూరపుది కాదు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ హరిత ఉదజని కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల ఉదజని లక్ష్యం. కిలోకు 52 యూనిట్లు అనుకున్నా రోజుకు 7.8 కోట్ల యూనిట్లు కావాలి. ఆంధ్రప్రదేశ్ మొత్తం ఒక రోజులో వాడే విద్యుత్తులో ఇది సుమారు మూడో వంతు. కృష్ణా-గోదావరి వాయువు పుష్కలంగా వస్తుందని నమ్మి గోదావరి జిల్లాల్లో కట్టిన గ్యాస్ విద్యుత్ కేంద్రాలు 2013 నుంచి ఇంధనం లేక మూలపడిన ఉదంతాన్ని మరువరాదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆనాడు అక్షరాలా నిజమైంది.

జాతీయ హరిత ఉదజని మిషన్‌కు 2023 జనవరిలో కేంద్రం రూ.19,744 కోట్లు కేటాయించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. ప్రజాధనంతో ఇచ్చే ఈ ప్రోత్సాహం ఎరువులు, ఉక్కు, చమురుశుద్ధి రంగాలకు ముందుగా అందాలి. ప్రసార చార్జీల మినహాయింపు భారం ఇతర వినియోగదారులపై ఎంత పడుతున్నదో విద్యుత్ నియంత్రణ మండళ్లు ఏటా బహిరంగపరచాలి. రాత్రి విద్యుత్తుకు పంప్డ్ స్టోరేజి, బ్యాటరీలే ప్రథమ మార్గం కావాలి. ఉదజని రేపటి ఇంధనమే కావచ్చు. దాని పేరిట నేటి మగ్గంపై భారం మోపడం మాత్రం న్యాయం కాదు.