రాని వాళ్లనూ లెక్కపెడదాం



కైరుప్పల అంటే అందరికీ ఉగాది మరుసటి రోజు జరిగే పిడకల సమరం గుర్తొస్తుంది. ఆ ఊరి వాళ్లమైన మాకు సుగ్గి కూడా గుర్తొస్తుంది. వానలు లేని ఏడు తాళం పడ్డ ఇళ్లు, గుంటూరు వైపు మిరప చేలకు పోయే బండ్లు, వాటిలో అమ్మానాయనల పక్కన బడిపిల్లలు.

మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి వాళ్లం మేమే. పీజీలో ఫిజిక్స్ చదువుతూ ఒక ప్రయోగం గురించి తెలుసుకున్నాం. పాజిట్రాన్ బరువులో ఎలక్ట్రాన్ లాంటిదే, ఆవేశం మాత్రం ధనం. 1932లో కార్ల్ ఆండర్సన్ కనిపెట్టాడు. దాన్ని వాయువులోకి పంపితే ఒక్కోసారి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని జతకడుతుంది. ఆ జంటే పాజిట్రోనియం. 1951లో మార్టిన్ డాయిచ్ దాన్ని గుర్తించాడు. ఎక్కువ కాలం నిలిచే రకం కూడా సగటున 142 నానోసెకండ్లే ఉంటుంది. తర్వాత రెండూ మాయమై గామా కిరణాలు మిగులుతాయి.

ఇంత తక్కువ కాలం ఉండేదాన్ని ఎలా కొలుస్తారు? గామా కిరణాలను పట్టడం ఒక పద్ధతి. ఇంకో పద్ధతిలో పాజిట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో వాయువు గుండా నడిపించి, అవతలికి ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. ఆవేశం లేని పాజిట్రోనియాన్ని అయస్కాంతం పట్టి ఉంచలేదు, అది పక్కకు జారిపోతుంది. పంపినవెన్ని, వచ్చినవెన్ని? ఆ తగ్గిన లెక్కే కొలత.

ఈ నష్టానికి ఒక గడప ఉంది. ఆర్గాన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 15.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. జత కుదిరితే 6.8 తిరిగొస్తుంది. అంటే 9 దాటిన పాజిట్రాన్లే ఇలా తగ్గిపోతాయి.

మరి మనం ఏం లెక్కపెడుతున్నాం? పది ఫలితాలు రాగానే బోర్డు మీద పాసైన వాళ్ల శాతం రాస్తాం. అది పరీక్ష రాసిన వాళ్లలో శాతం. ఆరో తరగతిలో ట్రంకుపెట్టెలతో దిగిన వాళ్లలో ఎంతమంది పరీక్ష దాకా వచ్చారు? మాతో చేరిన ఒక మిత్రుడు లెక్కల్లో మాకంటే చురుకు. ఎనిమిదిలో దసరా సెలవులకు ఊరికి పోయి మళ్లీ రాలేదు. ఏ బోర్డు మీదా అతని లెక్క లేదు.

కరువు హాస్టల్ చేతిలో లేదు కదా అని కొందరంటారు. నిజమే. కానీ పిల్లలు తగ్గేది దసరా తర్వాతా, సంక్రాంతి తర్వాతా? ఏడులోనా, తొమ్మిదిలోనా? ఆ గడప తెలిస్తే, అది రాకముందే పెద్ద తరగతుల వాళ్లం, పాత విద్యార్థులం ఆ ఇంటికి పోయి మాట్లాడవచ్చు. పిల్లవాడిని హాస్టల్లోనే ఉంచి పొమ్మని బతిమాలవచ్చు. చదువు ఆగిన వాడికి ఓపెన్ స్కూల్ దారి చూపవచ్చు.

అందుకే మా కోరిక ఒకటే. వచ్చే వార్షికోత్సవ సంచికలో పాసైన వాళ్ల సంఖ్య పక్కనే, చేరి మధ్యలో పోయిన వాళ్ల సంఖ్య కూడా అచ్చువేయండి. మాయమైన పాజిట్రాన్ తిరిగి రాదు. సుగ్గికి పోయిన మన తమ్ముడు ఊరికి తిరిగొస్తాడు. ఆ రోజు వాడి ఇంటికి పోయి పేరు పెట్టి పిలవాలంటే, ముందు వాడు మన లెక్కలో ఉండాలి.