మూకీకి ఏ ఊరైనా ఒకటే

నాన్నకు బదిలీ అయినప్పుడల్లా మాకు కొత్త బడి, కొత్త భాష. వైశాలికి వచ్చిన కొత్తలో హిందీ రాక ఆటలకే వెళ్ళేవాళ్ళం కాదు. ఒక ఆదివారం పక్కింటి పిల్లలతో కలిసి ఫెయిర్‌బాంక్స్ మూకీ ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ (1924) చూశాం. మాయతివాచీ ఎగరగానే అందరం ఒక్కసారే అరిచాం! బడిలో కొత్తగా చేరినవాళ్ళకు ముందు మూకీలే చూపించాలని మా అభిప్రాయం.

తర్వాతి వారం మా వంతు: ‘పాతాళభైరవి’ (1951). 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆడిన సినిమా. తోటరాముడి కత్తియుద్ధం అందరికీ అర్థమైంది. మాంత్రికుడి మాటలు చెప్పబోతే మా తెలుగే తడబడింది, అమ్మ అందుకుంది.

తెలుగువారి తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) ఇప్పుడు చూద్దామన్నా దొరకదు. అదే ఏడాది వచ్చిన చాప్లిన్ ‘ది కిడ్’ ఉంది. వచ్చే ఆదివారం అదే.