తాతయ్య నోటుబుక్కులో లేని గడి

నేను తెలుగు చదవడం నేర్చుకున్నది పెద్దబాలశిక్షతో కాదు, గుర్రప్పందేల నోటుబుక్కుతో. ఈ మాట ఎవరి ముందూ అనొద్దని మా అమ్మ చాలాసార్లు చెప్పింది. కానీ ఈ బ్లాగు చదివేది మీరే కదా. మీలో కొందరు సినిమా పాటలతో నేర్చుకున్నారు, కొందరు అమ్మమ్మ వాట్సాప్ మెసేజీలతో నేర్చుకున్నారు. నాకు దొరికింది ఇది. ఎప్పటిలాగే, తప్పులు కనిపిస్తే కింద రాయండి, దిద్దుకుంటాను.

అమ్మమ్మ పోయాక అమ్మ హైదరాబాదు నుంచి ఒక పెట్టె తెచ్చింది. అందులో రెండు పట్టుచీరలు, కొన్ని ఫోటోలు, అడుగున ఒక లావుపాటి నోటుబుక్కు. అది మా తాతయ్యది, అంటే అమ్మ వాళ్ళ నాన్నది. నేను పుట్టకముందే ఆయన పోయారు. ఆఫీసులో గుమాస్తా. సెలవురోజున మలక్‌పేట రేసుకోర్సుకి వెళ్ళేవారు. ఇంట్లో ఎవరూ దాన్ని "ఆట" అనరు. "ఆ పిచ్చి" అంటారు.

ఆ నోటుబుక్కు చదవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మొదటి కష్టం గొలుసుకట్టు రాత. అచ్చు అక్షరాలు వచ్చినంత మాత్రాన చేతిరాత రాదని మీకు తెలుసు. రెండో కష్టం, గుర్రాల పేర్లన్నీ ఇంగ్లీషువి, రాసింది తెలుగులో. ఒక్కో పేరు పైకి పదిసార్లు చదివితే గానీ అది ఇంగ్లీషు మాటని తెలిసేది కాదు.

తెలిసిన మాట ఒకటే ఒకటి కనిపించింది: ఫర్లాంగు. మైలులో ఎనిమిదో వంతు, రెండు వందల మీటర్ల పైన కాస్త. ఇక్కడ నాతో పనిచేసే అమెరికన్లని అడిగితే చాలామందికి తెలీదు, రేసులు చూసేవాళ్ళు తప్ప. మా పెద్దమ్మ మాత్రం బస్టాండు ఎంత దూరమంటే ఇప్పటికీ "ఫర్లాంగు ఉంటుందేమో" అంటుంది. ఇంగ్లీషువాళ్ళు వదిలేసిన ఇంగ్లీషు మాటని మనవాళ్ళు జాగ్రత్తగా దాచారు.

ఇంకో మాట కూడా ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాను. అంచనా కట్టడం. తెలుగులో అంచనా వేస్తారు, కడతారు కూడా. నాకు "కట్టడం" ఎక్కువ నచ్చింది, ఇల్లు కట్టినట్టు, ఒక్కో ఇటుకా పెట్టాలి. తాతయ్య నిజంగా అలాగే కట్టారు. ప్రతి పందేనికీ ఒక పేజీ. గుర్రం పేరు, మోసే బరువు, దూరం, జాకీ, నేల తడిగా ఉందా పొడిగా ఉందా. తర్వాత ఆయన మాటలు. "చెవులు నిలబెట్టింది, నడక తేలిక." "మెడ మీద నురగ. వద్దు." "మలుపులో బయటికి పోయింది. మళ్ళీ చూడాలి."

ఈ చివరి వాక్యం చూడండి. మలుపులో లోపలి కంచె పక్కన పరిగెత్తే గుర్రానికి దూరం తక్కువ. బయటి వైపు పడ్డ గుర్రం అదే పందెంలో ఎక్కువ దూరం పరిగెత్తుతుంది. అలా పరిగెత్తి నాలుగోదిగా వస్తే, పేపర్లో "నాలుగు" అని పడుతుంది. కానీ అది రెండోదాని కన్నా మంచి పరుగు అయి ఉండొచ్చు. ఫలితం చూసేవాళ్ళకి అది తెలీదు, పరుగు చూసినవాళ్ళకి తెలుస్తుంది. మా తాతయ్య పరుగు చూసేవారు. గుడ్డిగా డబ్బు పెట్టే మనిషి ఇలా రాయడు. అందుకే "పిచ్చి" అన్న మాట నాకు మింగుడు పడలేదు.

నేను కూడా వెళ్ళి చూడాలనుకున్నాను. పార్సిప్పనీ నుంచి అరగంటలో మెడోలాండ్స్ ఉంది, కానీ అక్కడ గుర్రాలు రెండు చక్రాల చిన్న బండి లాగుతాయి. తాతయ్య చూసింది అది కాదు. అందుకని గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద గంట పైన పోయి, ఓషన్‌పోర్టులో మాన్మత్ పార్కుకి వెళ్ళాను. 1946లో మొదలైన కోర్సు. పందేనికి ముందు గుర్రాలని చెట్ల నీడలో గుండ్రంగా నడిపిస్తారు. చుట్టూ జనం చేతులు కట్టుకుని చూస్తుంటారు. ఒంటి మెరుపు, నడక, చెమట, బెదురు. నాకైతే పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. ఇక్కడ కాఫీ మాత్రం మనమే కొనుక్కోవాలి.

తాతయ్య పద్ధతి ఇక్కడ అలాగే పనికిరాదు. హైదరాబాదులో చాలా పందేలు హ్యాండిక్యాప్‌లు. గెలిచే గుర్రానికి ఎక్కువ బరువు ఎక్కించి, అన్నిటినీ సమానం చేయాలని చూస్తారు. కాబట్టి బరువే పెద్ద లెక్క. అమెరికాలో ఎక్కువ కనిపించేవి క్లెయిమింగ్ పందేలు. ఆ పందెంలో పరిగెత్తే ప్రతి గుర్రమూ ఒక ధరకి అమ్మకానికి ఉన్నట్టే. ఇక్కడ చూడాల్సింది ఆ ధర. నిన్నటిదాకా పాతికవేల డాలర్ల పందెంలో పరిగెత్తిన గుర్రం ఇవాళ పదివేల పందెంలో కనిపిస్తే, కొత్తవాళ్ళు "తేలిక పందెం, గెలుస్తుంది" అనుకుంటారు. పాతవాళ్ళు "యజమాని దీన్ని ఎందుకు వదిలించుకోవాలనుకుంటున్నాడు, కాలికి ఏమైంది?" అని అడుగుతారు. నేను మొదటి రెండుసార్లూ కొత్తవాడినే.

సుడి గురించి ఒక్క మాట, పందేనికి సంబంధం తక్కువే అయినా. మన పాత అశ్వశాస్త్రాలు గుర్రం ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసి మంచిదో చెడ్డదో చెప్పేవి. తెలుగులోనే మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసము అని గుర్రాల లక్షణాల మీద ఒక పద్యకావ్యం ఉంది. "వాడి సుడి బాగుంది" అని మనం ఇప్పటికీ అంటాం కదా. అమెరికాలో జాకీ క్లబ్బు కూడా సుడులు రాసుకుంటుంది, కానీ జాతకానికి కాదు. ఏ గుర్రం ఏదో గుర్తుపట్టడానికి, మన వేలిముద్రల్లాగా.

సరే, అసలు సంగతి. పోయిన వేసవిలో ఆరు ఫర్లాంగుల పందెం ఒకటి కట్టాను. కాగితం మీద మూడు గుర్రాలు మొదటినుంచీ ముందుండే రకం. మూడూ ఒకదానితో ఒకటి పోటీపడి మొదటి రెండు ఫర్లాంగుల్లోనే ఊపిరి ఖర్చు చేస్తాయి, వెనకనుంచి వచ్చేదానికి దారి దొరుకుతుంది అనుకున్నాను. అచ్చం అలాగే జరిగింది. నేను ఎంచిన గుర్రం చివర్లో అందరినీ దాటింది. గాల్లో తేలాను. కిటికీ దగ్గరికి వెళ్తే రెండు డాలర్లకి 5 డాలర్ల 20 సెంట్లు ఇచ్చారు.

కారులో తిరిగొస్తూ ఆ 5 డాలర్ల 20 సెంట్ల గురించే ఆలోచించాను. నేను చూసింది అందరూ చూశారన్నమాట. ఇక్కడ పందెం మనం గుర్రంతో కాయడం లేదు, కోర్సుతో కూడా కాదు. పక్కన నిలబడ్డ జనంతో కాస్తున్నాం. అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. న్యూజెర్సీలో గెలుపు పందేల కుండలోంచి సుమారు 17 శాతం ముందే తీసేస్తారు. మిగిలింది గెలిచినవాళ్ళు పంచుకుంటారు. మన గుర్రాన్ని ఎంతమంది ఎంచితే మన వాటా అంత చిన్నది.

2015లో మాన్మత్ పార్కులోనే హాస్కెల్ పందెంలో అమెరికన్ ఫారో పరిగెత్తింది. 37 ఏళ్ళలో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన మొదటి గుర్రం అది. 60 వేల మందికి పైగా వచ్చారు. అది గెలుస్తుందని చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. గెలిచింది. రెండు డాలర్లకి 2 డాలర్ల 20 సెంట్లు వచ్చాయి. అంటే సరిగ్గా ఎంచినందుకు బహుమతి 20 సెంట్లు. అలాంటి పందేలు పదకొండింటిలో పది గెలిస్తే మన డబ్బు మనకి వస్తుంది, అంతే.

అమెరికాలో ఏళ్ళ తరబడి లెక్క చూస్తే, జనం ఎక్కువ డబ్బు పెట్టిన గుర్రం, అంటే ఫేవరెట్, సుమారు మూడు పందేల్లో ఒకటి గెలుస్తుంది. ఈ మాట చదివాక ఒక ఆదివారం కూర్చుని తాతయ్య నోటుబుక్కు మొత్తం లెక్కపెట్టాను. ఆయన ఎంచిన గుర్రం పక్కన టిక్కు పెట్టేవారు, తర్వాత ఎర్ర సిరాతో ఫలితం రాసేవారు. టిక్కులు 162. గెలిచినవి 53.

మూడిట్లో ఒకటి! అంత చూపు, అంత కష్టం, అన్ని ఎండల్లో నిలబడటం, అన్నీ కలిసి ఆయన్ని జనమంత తెలివైనవాణ్ణి చేశాయి. అంతకన్నా చేశాయా? అది ఆ పుస్తకం చెప్పదు. ఎందుకంటే అందులో ఒక గడి లేదు. ధర ఎక్కడా రాయలేదు.

ఒక్కో పందేనికి పది రూపాయలు అనుకుందాం. 162 పందేలకి పెట్టుబడి 1620 రూపాయలు. ఆ 53 గుర్రాలూ ఒకటికి ఐదు చొప్పున ఇచ్చేవి అయితే, పెట్టిన పదితో కలిపి ఒక్కోదానికి 60 వస్తుంది. మొత్తం 3180. మా తాతయ్య గొప్ప పందెగాడు. అవే 53 గుర్రాలు నాకు దొరికిన ధరకే గెలిచి ఉంటే ఒక్కోదానికి 26 వస్తుంది. మొత్తం 1378. చేతినుంచి 242 పోయింది. అదే నోటుబుక్కు, అవే గుర్రాలు, అవే టిక్కులు.

అమ్మమ్మ గాజులు తాకట్టుకి వెళ్ళి తిరిగిరాలేదని నాకు చిన్నప్పుడే తెలుసు. కాబట్టి ఆ గడిలో ఏముండేదో ఊహించడం కష్టం కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. గుర్రాన్ని అంచనా కట్టడం నిజమైన విద్య. కానీ "గెలిచే గుర్రాన్ని ఎలా ఎంచాలి" అని మాత్రమే నేర్పి ధర మాట ఎత్తనివాళ్ళు సగం విద్యే నేర్పుతున్నారు, ఆ సగమే మనిషిని ముంచుతుంది. ఏమీ తెలియనివాడు రెండుసార్లు ఓడి ఇంటికి పోతాడు. మూడిట్లో ఒకటి గెలిచేవాడు పోడు. తన చూపు సరైనదేనని వాడికి ప్రతి వారమూ రుజువు దొరుకుతూనే ఉంటుంది.

పైగా విద్య అందరికీ వస్తే దాని ధర పడిపోతుంది. ఆండ్రూ బేయర్ అనే ఆయన గుర్రం వేగాన్ని, ఆ రోజు నేల ఎలా ఉందో చూసి సరిచేసి, ఒక్క అంకెగా మార్చే పద్ధతి తయారుచేసి, 1975లో పుస్తకం రాశాడు. అంకెలు తనే లెక్కకట్టుకున్నన్నాళ్ళూ అవి ఆయనకి బంగారం. 1992 నుంచి డైలీ రేసింగ్ ఫారమ్ పత్రికలో ప్రతి గుర్రం పక్కనా అవి అచ్చవుతున్నాయి. ఇప్పుడు పెద్ద అంకె ఉన్న గుర్రం మీదే అందరూ పడతారు, ధర పోతుంది. మన కోడిపందేల కుక్కుట శాస్త్రం సంగతీ ఇదే. ఏ రోజు డేగ గెలుస్తుంది, ఏ రోజు కాకి, ఏ రోజు నెమలి, ఏ రోజు పింగళ అని అందులో ఉంటుంది. అది నిజమా కాదా అని ఇక్కడ అంకుల్స్ సంక్రాంతికి వాదించుకుంటారు. నిజమే అనుకోండి. బరి చుట్టూ ఉన్న ప్రతివాడూ అదే పుస్తకం చదివి వస్తే ఎవడికి లాభం?

ఇదంతా అమ్మకి చెప్పాలని చాలా రోజులు చూశాను. ముందు కోర్టు మాట చెప్పాను. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది. అంతకుముందు 1967లో సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ గురించీ అలాంటి మాటే అంది. అమ్మ పోపు వేస్తూ విన్నది.

"జడ్జీగారి భార్య గాజులు ఎవరూ పట్టుకుపోలేదుగా" అంది.

తర్వాత 162, 53 చెప్పాను. రెండు మొత్తాలూ కాగితం మీద వేసి చూపించాను. అమ్మ పొయ్యి కట్టేసి కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని నోటుబుక్కు తీసుకుంది. నేను చూస్తుండగా ఆ పుస్తకం తెరవడం అదే మొదటిసారి. నేను వారం పట్టి చదివిన పేజీని ఒక్క నిమిషంలో చదివేసింది. "మెడ మీద నురగ. వద్దు" దగ్గర కొంచెం నవ్వింది.

"ధర ఎందుకు రాయలేదమ్మా?" అన్నాను.

"రాస్తే మీ అమ్మమ్మ చదివేది కదరా" అంది.

నాకు ఈ సంగతి తట్టనే లేదు. ఆ ఇంట్లో తెలుగు చేతిరాత చదవడం రానివాడు ఎవడూ లేడు, నేను తప్ప.

నా పుస్తకంలో ఇప్పుడు ధర గడి ఉంది, గుర్రం పేరు కన్నా ముందు. నేను కట్టిన అంచనా ఒకవైపు, జనం ధర ఒకవైపు. రెండూ దగ్గరగా ఉంటే పందెం కాయను, ఊరికే చూస్తాను. అందువల్ల మాన్మత్ పార్కులో ఎక్కువసేపు నేను కాఫీ తాగుతూ కనిపిస్తాను. వచ్చే నెల అమ్మ కూడా వస్తానంది, గుర్రాలు చూడటానికి మాత్రమేనట. పర్సు ఇంట్లో పెట్టి వస్తుందట.