యెర్రదీపం వెలిగినప్పుడు

పోయిన నెల సంఘం సమావేశం ముగిసి భోజనాలయిన తరువాత ఒక అమ్మాయి మమ్మల్ని పక్కకు పిలిచి, "బాబాయిగారూ, కొత్తగా కారు నేర్చుకొన్నాను. నిన్న దొమ్మసంద్ర దగ్గర స్టీరింగు ముందర పసుపుపచ్చ బొమ్మ ఒకటి వెలిగింది. ఆపాలో, ఇంటికి పోవాలో తెలియక యేడుపొచ్చింది" అన్నది. డ్రైవింగు నేర్పేవారు క్లచ్చి, గేర్లు, వెనక్కు తీయడం నేర్పుతారు గాని ఈ బొమ్మల సంగతి చెప్పేవారు అరుదు. సర్జాపుర చుట్టుపక్కల తరతరాలుగా వున్న మన ఇండ్లలో ఇప్పుడు కోడళ్లు, కూతుళ్లు, పింఛను తీసుకొనే మామగార్లు కూడ కారు నడుపుతున్నారు. కాబట్టి ఈ నెల ఆ దీపాల గురించే వ్రాస్తున్నాము.

అన్నిటికంటె ముందు చూడవలసినది బొమ్మను కాదు, రంగును. ఆకుపచ్చ, నీలం వెలిగితే భయం లేదు. లైటు వేసి వున్నదనో, ఇంకొకటి పని చేస్తున్నదనో చెప్పడమే. పసుపు వెలిగితే బండి నడుస్తుంది, కాని త్వరలో చూపించవలెను. యెర్ర వెలిగితే, వెనక వచ్చే బండ్లు చూచుకొని, పక్కకు తీసి ఆపవలెను. ఈ బొమ్మలకు ఐ.ఎస్.ఓ. 2575 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం వున్నది. అందువల్ల యే కంపెనీ కారు కొన్నా బొమ్మలు ఇంచుమించు ఒకటే. ఒకసారి నేర్చుకొంటే చాలు.

తాళం తిప్పగానే, ఇంజను మొదలు కాకముందే, ఈ దీపాలన్నీ ఒక్కసారి వెలిగి తరువాత ఆరిపోతవి. అది దీపాలు బాగున్నవో లేవో బండి తనను తాను చూచుకోవడం. పాత కారు కొనేవారు ఆ క్షణం కన్నార్పకుండా చూడవలెను. అప్పుడు అసలు వెలగని దీపం వుంటే, అమ్మేవాడు దాని నోరు నొక్కి వుండవచ్చు.

ఇక యెర్రదీపాలలో పెద్దది నూనె దీపం. కుట్టుమిషనుకు నూనె వేసే ముక్కుడబ్బా వంటి బొమ్మ, ముక్కు చివర ఒక చుక్క. మా పిల్లలు దాన్ని అల్లాద్దీను దీపం అంటారు. దీని సంగతి మేము పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

కొన్నేండ్ల కిందట మా బావమరిది పాత కారొకటి కొని, అత్తగారిని, మమ్మల్ని ఎక్కించుకొని తిరుపతికి బయలుదేరినాడు. ముందురోజు సాయంత్రం దారిపక్క షెడ్డులో ఇంజను ఆయిలు మార్పించినాడు. కోలారు దాటినాము. ముళబాగిలు దగ్గర బండి నెమ్మదించినప్పుడల్లా ఆ దీపం మినుకుమనసాగింది. "బావా, యేదో యెర్రగా వెలుగుతున్నది, ఆపనా?" అని అడిగినాడు. దర్శనం టిక్కెట్టు వేళ దగ్గర పడుతున్నది. మేము, "మళ్లీ ఆరిపోయింది గదా, పోనీ. తిరుపతిలో చూపిద్దాం" అన్నాము. వెనక నుంచి అత్తగారు, "నాయనా, యెర్రదీపమంటే ఆపమని గదా అర్థం" అన్నది. ఆ ముసలామె యేనాడూ స్టీరింగు పట్టినది కాదు. మేము నవ్వినాము.

నంగలి చేరకముందే దీపం నిలకడగా వెలిగింది. తరువాత రోలులో రాళ్లు వేసి దంచినట్లు చప్పుడు, ఆ వెంటనే ఇంజను బిగుసుకొని ఆగిపోయింది. ఆయిలు మార్చినవాడు కింది బోల్టు సరిగా బిగించలేదు. దారి పొడుగునా నూనె కారిపోయింది. వాడి తప్పు వాడిది. కాని ఆ పిల్లవాడు ఆపుతానంటే వద్దన్నది మేము. అతడు కూతురి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు ఇంజనుకు పోయింది. సగం మేమిస్తామంటే పుచ్చుకోలేదు. ఇప్పటికీ ఆ మాట యెత్తడు. యెత్తితే మాకు కొంత తేలికగా వుండేది.

తరువాత మెకానికు విప్పి చూపించినాడు. ఇంజనులో తిరిగే ఇనుముకూ, దాన్ని మోసే బేరింగుకూ నడుమ పలుచని నూనె పొర వుంటుంది. పంపు అడుగుతొట్టిలోని నూనెను తోడి ఒత్తిడితో అక్కడికి పంపుతుంది. ఆ దీపం చెప్పేది నూనె కొలతను కాదు, ఆ ఒత్తిడిని. నూనె తగ్గినప్పుడు మలుపులో, బ్రేకు వేసినప్పుడు అది ఒక పక్కకు జరిగి, పంపు గాలి పీలుస్తుంది. అందుకే మినుకుమంటుంది. మినుకుమన్నప్పుడే ఇంజను ఆపి, కొలత చూచి, నూనె పోసివుంటే బతికేది. నిలకడగా వెలిగిన తరువాత మిగిలేవి కొద్ది నిమిషాలే, ఒక్కొక్కసారి అవీ వుండవు.

నూనె కొలవడం పప్పులో నీళ్లు చూచుకొన్నంత సులభం. బండిని సమమైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, అయిదు పది నిమిషాలు ఆగి, కొలత కడ్డీని లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయవలెను. రెండు గుర్తుల నడుమ తడి వుంటే చాలు. పై గుర్తు దాటేట్లు పోయడమూ మంచిది కాదు.

అలలలో మునిగిన థర్మామీటరు బొమ్మ యెర్రగా వెలిగితే ఇంజను మితిమీరి వేడెక్కిందన్నమాట. ఏసీ ఆపి, బండి నిలిపి, ఇంజను ఆపివేయవలెను. ఆత్రపడి రేడియేటరు మూత తిప్పవద్దు. అది ప్రెషరు కుక్కరు వంటిది. లోపలి నీరు ఒత్తిడి వల్ల నూరు డిగ్రీలు దాటినా పొంగకుండా వుంటుంది, మూత వదులు కాగానే మొగాన చిమ్ముతుంది. అరగంటకు తక్కువ కాకుండా, ముట్టుకొంటే చల్లగా తగిలేదాకా ఆగవలెను. మన వైపు బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది గదా, ఆ నీళ్లే పోస్తూ వుంటే రేడియేటరులోనూ అదే కడుతుంది. ఆపదలో పోసినా, తరువాత కడిగించి కూలెంటు పోయించండి.

బ్యాటరీ బొమ్మ వెలిగితే బ్యాటరీ పాడైనదని చాలమంది కొత్తది కొంటారు. తరచుగా దోషం దానికి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటరుదో, బెల్టుదో అయివుంటుంది. దీనితోపాటు వేడి కూడ పెరిగితే బెల్టు తెగిందని అనుమానించి ఆపవలెను. గుండ్రంలో ఆశ్చర్యార్థకం వున్న యెర్రదీపం బ్రేకుది. ముందు హ్యాండుబ్రేకు దించినారేమో చూడండి. దించినా ఆరకపోతే బ్రేకు నూనె తగ్గివుండవచ్చు. పెడలు మెత్తగా దిగిపోతుంటే ఒక అడుగు కూడ కదలవద్దు.

అమ్మాయి చూచిన పసుపు ఇంజను బొమ్మకు రెండు భాషలున్నవి. నిలకడగా వెలిగితే ఆ వారంలో చూపించవచ్చు. ఆరి వెలుగుతూ వుంటే పెట్రోలు సరిగా కాలక పొగగొట్టంలోకి పోతున్నదన్నమాట. అది అక్కడ మండి, పొగను శుద్ధిచేసే ఖరీదైన భాగాన్ని కాల్చివేస్తుంది. అప్పుడు వేగం తగ్గించి, దగ్గరలోని మెకానికు దగ్గరికే పోవలెను. ఆమెది నిలకడగానే వెలిగిందట.

2020 ఏప్రిలు నుంచి వచ్చిన బి.ఎస్. ఆరు డీజిలు కార్లలో మసిని పట్టే జల్లెడ ఒకటి వున్నది. అది బాగా వేడెక్కితేగాని పట్టిన మసి కాలిపోదు. సర్జాపుర రోడ్డులో ఇబ్బలూరు దాకా ఒకటో గేరులో పాకే బండికి ఆ వేడి యెక్కడిది? ఆ దీపం వెలిగితే అత్తిబెలెకు పోయి, హొసూరు రహదారి మీద కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన వేగంతో ఒక ఇరవై నిమిషాలు నిలకడగా నడిపి రావలెను.

చివరికొక మాట, యే దీపమూ చెప్పనిది. 2022 సెప్టెంబరు వానలకు సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు వైపు ఇండ్లు మునిగి, జనాన్ని ట్రాక్టర్లలో, పడవలలో తరలించినారు. నీరు తీసిన తరువాత పాడైనదో లేదో చూద్దామని తాళం తిప్పినవారు కొందరు. గాలి నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. సిలిండరులో నీరుంటే లోపలి కడ్డీలు వంగిపోతవి. మునిగిన కారుకు తాళం తిప్పకండి. బ్యాటరీ తీగ విప్పించి, లాగే బండి మీద పంపించండి. అలా తిప్పి చెడగొట్టుకొన్న ఇంజనుకు మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఇంజను రక్షణ అని వేరే కట్టవలసి వుంటుంది. మీ కాగితంలో అది వున్నదో లేదో ఈ వానాకాలం రాకముందే చూచుకోండి. టైర్ల సంగతి వచ్చే నెల.