కలువల కొలను పూడ్చొద్దు, కడగడం మానేద్దాం

కాలనీ కుటుంబాలన్నిటికీ మనవి.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగులో ఒక తీర్మానం పెడుతున్నారు. పార్కులోని కలువల కొలను పూడ్చేసి, పైన టైల్స్ పరిచి, జిమ్ సామాను బిగిస్తారట. కారణాలు రెండు చెబుతున్నారు: దోమలు, కంపు. రెండూ నిజమే, నేను కాదనను. నెలనెలా మనం కొలనును కడిగే తీరే ఈ రెండిటినీ తెచ్చిపెడుతోందని మాత్రం నా వాదన. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకునే ముందు ఈ కాగితం చివరిదాకా చదవండి.

కొలను పొడవు 12 అడుగులు, వెడల్పు 8, లోతు 2. అంటే సుమారు 5,400 లీటర్లు. ప్రతి నెలా మొదటి శనివారం మోటరు పెట్టి ఈ నీళ్లన్నీ తోడి డ్రైనేజీలో పోస్తాం. బ్లీచింగ్ పౌడర్ చల్లి, గోడలు తెల్లబడేదాకా చీపుళ్లతో రుద్దిస్తాం. కలువ తొట్లు మధ్యాహ్నం దాకా ఎండలో గట్టు మీద పడి ఉంటాయి. చేపల్ని బకెట్లో పెట్టి, సాయంత్రం కొళాయి నీళ్లు నింపి వదులుతాం. తెల్లారేసరికి సగం వెల్లకిలా తేలతాయి. మూడు రోజులు నీళ్లు అద్దంలా ఉంటాయి. పదో రోజుకు పచ్చబడతాయి. ఇరవయ్యో రోజుకు కంపు. మళ్లీ మొదటి శనివారం. ఎండాకాలంలో 5,000 లీటర్ల ట్యాంకరు కోసం మనమే ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటాం, అంతకంటే ఎక్కువ నీళ్లు నెలకోసారి మోరీ పాలు చేసేదీ మనమే.

ఎందుకిలా జరుగుతోంది? చేపల మలం నుంచి, కుళ్లిన ఆకుల నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. గోడలకు, తొట్లకు, గులకరాళ్లకు పట్టే పలుచని జిగురులో కొన్ని రకాల బాక్టీరియా కాపురముంటుంది. అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చేది అదే. ఆ నైట్రేట్‌ను కలువ మొక్క ఎరువుగా పీల్చుకుంటుంది. ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. సరిగ్గా అది కుదురుకునే వేళకు మనం చీపురు పట్టుకుని దిగుతున్నాం! మురికి అనుకుని గీకి పారేసింది కొలనుకు ఉన్న ఒకే ఒక్క పారిశుద్ధ్య సిబ్బందిని.

ఎండకు కాలిన కలువ మళ్లీ ఆకు వేసేలోపు నీళ్ల మీద నీడ ఉండదు. నీడ లేని చోట, ఎరువున్న చోట, కంటికి కనిపించనంత సన్నని పాచి రెచ్చిపోతుంది. నీళ్లు పచ్చబడటమంటే అదే. బ్లీచింగో మైలుతుత్తమో వేస్తే అది చస్తుంది, నిజమే. చచ్చిన పాచి అడుగున కుళ్లుతూ నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. కంపు అక్కడి నుంచే.

నేను భీమవరం దగ్గర చేపల చెరువుల గట్ల మీద పెరిగినవాణ్ణి. మా నాన్న తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ ఓ చుట్టు తిరిగొచ్చేవాడు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ కాఫీ దిగేది కాదు. పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చే పాచీ మొక్కలే రాత్రంతా దాన్ని వాడుకుంటాయి, అందుకే తెల్లవారుజామునే గండం. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పడితే, 35 డిగ్రీల దగ్గర 7 కూడా పట్టదు. మే నెలలో మన చేపలు ఎందుకు పోతున్నాయో దీన్నిబట్టి చూడండి. ఆ నెలంతా రాత్రిళ్లు చిన్న పంపు ఒకటి నడిపితే చాలు. అయితే దాన్ని ఓ మూల పెట్టాలి, ఆకుల మీద నీళ్లు చిమ్ముతుంటే కలువకు గిట్టదు.

నేనడిగేది ఇంతే. ఏడాదిపాటు కొలనును పూర్తిగా తోడొద్దు. బ్లీచింగ్ వద్దు. ఎండకు ఇంకిపోయిన మేరకే నీళ్లు పోద్దాం. మే నెలలో కూడా అది రోజుకు నాలుగైదు బకెట్లు దాటదు. కొళాయి నీళ్లను డ్రమ్ములో ఒక రోజు నిలవ ఉంచి పోస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. కలువలను వెడల్పాటి తొట్లలో, బంకమట్టిలో నాటి, పైన గులకరాళ్లు పరుద్దాం. నర్సరీ వాళ్లిచ్చే కొబ్బరిపొట్టు నీళ్లలో తేలిపోతుంది, అది పనికిరాదు. ఆకులు కొలనులో సగానికి పైగా పరుచుకుంటే పాచికి ఎండ అందదు. పండిన ఆకును మాత్రం కాడతో సహా అడుగు నుంచి లాగెయ్యాలి. చేపలకు బ్రెడ్డు ముక్కలు, మరమరాలు వెయ్యొద్దని పిల్లలకు చెప్పండి. తాతయ్యలకు కూడా.

ఇక దోమల సంగతి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. చేపలు చచ్చిన కొలనులో మూడు వారాలు నిలవ నీళ్లు ఉంచితే లార్వా పెరగక ఏం చేస్తుంది? యాభై గప్పీ చేపల్ని వదిలి, వాటిని బతకనిస్తే లార్వాను అవే చూసుకుంటాయి. తూనీగ పిల్లలు కూడా నీళ్లలో అదే పని చేస్తాయి. అయితే గప్పీలైనా, ఇదే పనికి 1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా అయినా పరాయి చేపలే. వాటిని ఎవరూ చెరువులో మాత్రం వదలొద్దు. కొలనును పూడ్చినా డెంగీ దోమ ఎక్కడికీ పోదు. దానికి కావలసింది మన కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, మూత లేని డ్రమ్ములు.

ఊదాపూలు బాగున్నాయని ఎవరో గుర్రపుడెక్క తెచ్చి వేశారు. ఎవరని అడగను. రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. వేళ్లతో సహా తీసి ఎండబెట్టి కంపోస్టులో వేద్దాం, నాలాలో మాత్రం పారెయ్యొద్దు. వినాయక చవితికి ఇళ్లలోని విగ్రహాలను కొలనులో కలుపుతున్నారు. రంగులు, నూనె, పత్రి అన్నీ అందులోనే! ఈసారి పక్కన పెద్ద టబ్బు పెడదాం, ఆ ఖర్చు నాది.

చిన్న పిల్లలు పడతారన్న భయం న్యాయమైనది. నీటిమట్టానికి కాస్త దిగువన ఇనుప మెష్ బిగించాలి. దానికి కమిటీ డబ్బు ఇవ్వక తప్పదు.

ఆదివారం మీటింగులో పూడ్చే తీర్మానాన్ని ఏడాది వాయిదా వెయ్యమని చెయ్యెత్తండి. అంతకుముందు, శనివారం పొద్దున ఆరింటికి కొలను గట్టు దగ్గరకు రండి. సీసాలో నీళ్లు ముంచి లార్వా ఎలా ఉంటుందో చూపిస్తాను. పాత బట్టలేసుకు రండి, పండాకులు లాగే పని కూడా ఉంది.